14 నెలలుగా ఫ్లాట్ అమ్ముడుపోవట్లేదు: నిజాంపేట్, స్టాండలోన్, పడమర ముఖం. ఏం చేయమంటారు?

మూడో అంతస్తు | 2025 జూన్ 14

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి.

నిజాంపేట్‌లో మాకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. 1,180 ఎస్‌ఎఫ్‌టీ, యూడీఎస్ (స్థలంలో మా వాటా) 38 గజాలు, ఒక కారు పార్కింగు. గేటెడ్ కమ్యూనిటీ కాదు, 20 ఫ్లాట్లతో విడిగా ఉన్న ఒక్క బిల్డింగు. 2013లో 32 లక్షలకు కొన్నాం. బాచుపల్లి దాటాక ఒక గేటెడ్ కమ్యూనిటీలో త్రిబుల్ బెడ్‌రూమ్ బుక్ చేసుకున్నాం. ఇది అమ్మి అక్కడ కట్టేద్దామని ప్లాను. పోయినేడు ఏప్రిల్‌లో అమ్మకానికి పెట్టాం. ప్లాను ప్లానుగానే ఉంది.

ఇప్పటికి 41 మంది చూసి వెళ్లారు. మా ఆవిడ క్యాలెండర్ మీద గీతలు పెడుతోంది, అందుకే లెక్క తెలుసు. 78 లక్షలు అన్నాం, జనవరిలో 72 చేశాం. ఇద్దరు టోకెన్ దాకా వచ్చి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఒకాయన సిద్ధాంతి గారిని, దిక్సూచిని వెంట తెచ్చి, ఈశాన్యం గదిలో ఇనుప బీరువా ఉందని వెళ్లిపోయారు. బీరువా మాతోనే వస్తుందండీ అన్నా వినలేదు.

సెప్టెంబర్ ఆఖరుకి బిల్డర్‌కి 38 లక్షలు కట్టాలి. కొత్త ఇంటి ఈఎంఐ ఇప్పటికే నడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర ఉండట్లేదు. ఇంకా తగ్గించాలా, అద్దెకిచ్చి ఊరుకోవాలా? పడమర ముఖం వల్లేనంటారా?

వేపచెట్టు | జూన్ 14

స్టాండలోన్ ఫ్లాట్లు ఇప్పుడు ఎవరూ చూడట్లేదు బాసూ. అందరికీ స్విమ్మింగ్ పూల్ కావాలి, దిగేది ఎవరూ లేకపోయినా. 55కి ఇచ్చేసి బయటపడండి.

కూకట్‌పల్లి ఏజెంట్ | జూన్ 14

వేపచెట్టు అన్నా, 55 అని గాల్లో లెక్క చెప్పొద్దు. 38 గజాల యూడీఎస్ ఉన్న ఫ్లాట్ అది. ఈ మధ్య కట్టే టవర్లలో అంత భూమి వాటా ఎక్కడొస్తుంది?

మూడో అంతస్తు గారూ, ముందు ఒకటి చెప్పండి. ఎంతమంది ఏజెంట్లకు ఇచ్చారు?

మూడో అంతస్తు | జూన్ 14

ఆరుగురికో ఏడుగురికో. ఎక్కువమందికి చెబితే త్వరగా పోతుందనుకున్నాం.

కూకట్‌పల్లి ఏజెంట్ | జూన్ 14

అదీ సంగతి. ఇప్పుడే ప్రాపర్టీ సైట్లలో వెతికాను. మీ ఫ్లాటే అనుకుంటా, ఆకుపచ్చ గ్రిల్లు, బాల్కనీలో తులసి కుండ. ఐదు చోట్ల ఉంది. ఒకడు 78, ఒకడు 74, ఒకడు 69.5, ఇద్దరు 72. ఇవన్నీ చూసిన కొనేవాడికి ఏమనిపిస్తుంది? 'వీళ్లకేదో అవసరం పడింది, ఆగితే ఇంకా దిగుతారు' అనిపిస్తుంది. ఆగుతున్నాడు కూడా.

ఇంకోటి. ఫోన్లో వెతికేవాళ్లు 70 లక్షల లోపు అని ఫిల్టర్ పెట్టుకుంటారు. 72 అన్న ఫ్లాట్ వాళ్లకు కనబడనే కనబడదు. ఇక 75 దాకా చూసేవాడు కొత్త బిల్డింగులే చూస్తాడు. మీ 72 ఎవరికీ చెందని రేటు.

పాత ఫోటోలన్నీ తీయించేయండి. ఒక్కరికో ఇద్దరికో మాత్రం ఇవ్వండి, రేటు ఒక్కటే చెప్పమనండి. (నాకివ్వమని అడగట్లేదు, నిజాంపేట్ నా ఏరియా కాదు.)

పంచాంగం | జూన్ 15

పడమర ముఖం దోషం కాదు. సింహద్వారం ఉచ్చ స్థానంలో ఉంటే పడమర ఇళ్లలో బ్రహ్మాండంగా బతికినవాళ్లు లేరా? కాకపోతే జూన్ 26 నుంచి ఆషాఢం. ఆ నెల ఎవరూ అడ్వాన్స్ ఇవ్వరు. జూలై 25న శ్రావణం వస్తుంది, అప్పటిదాకా రంగులు వేయించుకోండి.

సొంతిల్లు కావాలి | జూన్ 15

నేను అవతలి పక్షం మనిషిని. ఏడాదిగా మియాపూర్, నిజాంపేట్, ప్రగతినగర్, బీరంగూడ తిరుగుతున్నాం. ఇప్పటికి 30 ఫ్లాట్ల పైనే చూశాం. కొనేవాళ్ల బాధ కూడా కొంచెం వినండి.

మీ ఫ్లాట్ 70కి కొన్నామనుకోండి. బ్యాంకు 80 శాతం దాకా ఇస్తుంది, అంటే 56. చేతి నుంచి 14. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే ఇంకో 5.25 లక్షలు. దానికి లోన్ రాదు. పన్నెండేళ్ల ఫ్లాట్ కాబట్టి బాత్‌రూములు, వైరింగు, కిచెన్ అని ఇంకో మూడు నాలుగు. మొత్తం 23 లక్షలు రొక్కంగా ఉండాలి. అదే కొత్త ప్రాజెక్టులో అయితే బిల్డర్ వాయిదాల్లో కట్టించుకుంటాడు. జీఎస్టీ 5 శాతం పడినా మాకు ఊపిరి ఆడుతుంది. మీరు పోటీ పడుతున్నది పక్క ఫ్లాట్‌తో కాదండీ, ఆ వాయిదాలతో.

మొన్న జూన్ 6న ఆర్‌బీఐ రెపో రేటు అర శాతం తగ్గించి 5.5 చేసింది. ఫిబ్రవరి నుంచి ఇది మూడో తగ్గింపు. మాలాంటి వాళ్లు ఇప్పుడిప్పుడే మళ్లీ లెక్కలు వేసుకుంటున్నాం.

అన్నట్టు, మీ దగ్గర్లో చెరువేమైనా ఉందా? చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక మా ఇంట్లో మొదటి ప్రశ్న అదే.

మూడో అంతస్తు | జూన్ 15

చెరువు కిలోమీటరు పైనే. అందరూ అడుగుతుంటే హెచ్‌ఎండీఏ చెరువుల సైట్‌లోంచి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు) మ్యాపు ప్రింటు తీసి హాల్లో టీపాయ్ మీదే పెట్టాను. మంచినీళ్లకంటే ముందు అదే ఇస్తున్నాం.

23 లక్షల లెక్క నాకు తట్టనే లేదు. 2013లో మేమూ అలాగే అప్పులు చేసి కొన్నాం, మర్చిపోయాను.

డల్లాస్ బాబాయ్ | జూన్ 15

నీ 14 నెలలు ఏ మూలకి అబ్బాయ్. విజయవాడ దగ్గర పోరంకిలో నాకో ఇల్లుంది. 2016లో రాజధాని ఊపులో ఇంటికొచ్చి బతిమాలారు. 'ఇంకా పెరుగుతుంది' అని పంపేశాను. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట రాగానే ఆ బతిమాలిన మనిషే సగం రేటు చెప్పాడు. పోయినేడు ప్రభుత్వం మారాక మళ్లీ కదలిక వచ్చింది, అడిగేవాళ్లు వస్తున్నారు.

కానీ మాది ఇంకో తలనొప్పి. ఇక్కడివాళ్లు అమ్మితే కొనేవాడు ఒక్క శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను కోత) కోస్తాడు. ఎన్నారై అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, సర్‌చార్జి, సెస్సు అదనం. లాభమెంతో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు ముందే తేల్చకపోతే మొత్తం ధర మీదే కోసేస్తారు. పైగా ఆ కోత కట్టడానికి కొనేవాడు టాన్ నంబర్ తీసుకోవాలి. ఆ మాట వినగానే ఇద్దరు పారిపోయారు. ఇప్పుడు ఫారం 13 పెట్టి తక్కువ కోత సర్టిఫికెట్ తెప్పించుకుంటున్నాను. ఎన్నారైలు ఎవరైనా ఉంటే, కొనేవాడు దొరికాక కాదు, బేరం మొదలవగానే ఆ పని చూసుకోండి.

వేపచెట్టు | జూన్ 15

బాబాయ్, ఆ 2016 బేరం కథ నాలుగోసారి చెబుతున్నావ్.

డల్లాస్ బాబాయ్ | జూన్ 15

పోయింది నా డబ్బు, చెప్పుకోనీ.

తెనాలి అమ్మాయి | జూన్ 16

అద్దెకిచ్చి ఊరుకోవచ్చుగా అండీ? మా అమ్మ ఇల్లు తెనాలిలో మూడేళ్లు అమ్ముడుపోలేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు మొత్తం నలుగురం. ధర కుదిరితే ఒకరి సంతకం కుదరదు, సంతకం కుదిరితే ధర కుదరదు. చివరికి ఒక బ్యాంకు ఉద్యోగికి అద్దెకిచ్చాం. ఆయనే ఇల్లు నచ్చి కొన్నాడు.

లెక్కల మాస్టారు | జూన్ 16

అద్దె ఎంత వస్తుంది?

మూడో అంతస్తు | జూన్ 16

19 వేలు. మెయింటెనెన్స్ వాళ్లదే.

లెక్కల మాస్టారు | జూన్ 16

ఏడాదికి 2.28 లక్షలు. ఫ్లాట్ 63కి పోతుందనుకున్నా అది 3.6 శాతం. కొత్త ఇంటి లోన్ మీద మీరు కడుతున్నది 8కి అటూ ఇటూ ఉంటుంది. పైగా 38 లక్షలు ఎక్కడి నుంచి తెస్తారు? అద్దె మాట మర్చిపోండి.

నాకు అనుమానం ఇంకోచోట ఉంది. 41 మందిలో 39 మంది సంగతి వదిలేయండి, ఇల్లు నచ్చలేదు, రేటు నచ్చలేదు, సరే. ఆ ఇద్దరికి ఇల్లూ నచ్చింది, రేటూ నచ్చింది. టోకెన్ దాకా వచ్చి ఇద్దరూ ఎందుకు ఆగారు? ఏ రోజు ఆగారు?

మూడో అంతస్తు | జూన్ 16

మొదటాయన డాక్యుమెంట్ల జిరాక్సులు తీసుకెళ్లిన పది రోజులకు 'ఇంట్లో ఒప్పుకోవట్లేదు' అన్నారు. రెండో ఆయన కూడా జిరాక్సులు తీసుకెళ్లాకే. 'లోన్ కుదరలేదు సార్' అని మెసేజ్ పెట్టారు, అంతే. శాలరీ తక్కువేమో అనుకున్నాం.

కూకట్‌పల్లి ఏజెంట్ | జూన్ 16

మాస్టారూ, దండం మీకు. నేనీ ప్రశ్న మొదట్లోనే అడగాల్సింది.

అన్నా, పర్మిషన్ హెచ్‌ఎండీఏదా, పంచాయతీదా? నిజాంపేట్ అప్పట్లో గ్రామ పంచాయతీయే కదా. ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపించే రిజిస్ట్రేషన్ శాఖ కాగితం) ఎప్పుడు తీశారు? పాత లోన్ ఉందా?

మూడో అంతస్తు | జూన్ 16

హెచ్‌ఎండీఏ పర్మిషనే, మాది పర్మిషన్ ఉన్న ప్లానులోని అంతస్తే. ఇంటి పన్ను కార్పొరేషన్‌లో నా పేరు మీదే కడుతున్నాను. లోన్ 2020లో పూర్తిగా కట్టేశాం, ఒరిజినల్స్ వచ్చాయి, బ్యాంకు నో డ్యూస్ లెటర్ కూడా ఉంది. ఈసీ మాత్రం 2013లో కొన్నప్పటిదే.

కూకట్‌పల్లి ఏజెంట్ | జూన్ 16

రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఇప్పుడే తీయండి.

మూడో అంతస్తు | జూన్ 19

తీశాను. ఏం చెప్పమంటారు.

2013లో బ్యాంకుకి రాసిచ్చిన టైటిల్ డీడ్స్ తనఖా ఇంకా అలాగే ఉంది! అంటే ఈసీ చూసిన ఎవరికైనా మా ఫ్లాట్ ఇప్పటికీ బ్యాంకు తాకట్టులో ఉన్నట్టే. అప్పు తీర్చాక బ్యాంకు వాళ్లు సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆ తనఖా రద్దు చేయించాలట. ఒరిజినల్స్ చేతికిచ్చి 'అయిపోయింది సార్' అన్నారు, మేమూ స్వీట్లు పంచి ఇంటికొచ్చేశాం. ఐదేళ్లు.

ఆ మొదటాయన మమ్మల్ని మోసగాళ్లనుకునే ఉంటాడు. ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

సొంతిల్లు కావాలి | జూన్ 19

మేమూ అడగం అండీ. డాక్యుమెంట్లలో ఏదైనా తేడా కనిపిస్తే నవ్వేసి తప్పుకుంటాం. గొడవెందుకని.

వేపచెట్టు | జూన్ 19

తనఖా తీయడం బ్యాంకు బాధ్యతే. ఆర్‌బీఐ రూలు ఉంది, 30 రోజుల్లో డాక్యుమెంట్లు ఇచ్చి, చార్జ్ తీసేయకపోతే రోజుకి 5 వేలు ఇవ్వాలి. ఐదేళ్లకి లెక్కేసుకోండి, ఫ్లాట్ అమ్మే పనే లేదు!

లెక్కల మాస్టారు | జూన్ 19

అంత సీన్ లేదు. ఆ సర్క్యులర్ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. 2023 డిసెంబర్ 1 నుంచి విడుదల కావాల్సిన డాక్యుమెంట్లకే వర్తిస్తుంది. వీరిది 2020. మర్యాదగా అడిగి పని చేయించుకోవడమే దారి.

మూడో అంతస్తు | జూలై 13

పనైంది. రాసినంత సులువుగా కాలేదు. మా బ్యాంకు ఈలోగా ఇంకో బ్యాంకులో కలిసిపోయింది. పాత బ్రాంచీయే లేదు. కొత్త బ్రాంచీలో మా లోన్ నంబర్ కొడితే కంప్యూటర్‌లో రావట్లేదు అన్నారు. నో డ్యూస్ లెటర్ దాచిపెట్టుకోబట్టి బతికాం. సంతకం పెట్టే అధికారం ఉన్న ఆఫీసరు స్వయంగా రిజిస్ట్రార్ ఆఫీసుకు రావాలి. ఆయనకు తీరికలేదు, తీరిక దొరికిన రోజు సర్వర్ లేదు. నాలుగోసారికి కుదిరింది.

కొత్త ఈసీ తీశాను, రద్దు ఎక్కింది. ఏజెంట్ అన్న చెప్పినట్టు పాత ఫోటోలు తీయించి, ఒక్కరికే ఇచ్చాం. రేటు 67. ఈసీ, సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, ప్లాను, పన్ను రసీదు, కరెంటు బిల్లు అన్నీ ఒక ఫైలు చేసి, చూడ్డానికి వచ్చినవాళ్ల చేతికే ఇస్తున్నాం. 38 లక్షలకి ఇంకా రెండున్నర నెలలే ఉంది.

మూడో అంతస్తు | ఆగస్టు 3

శ్రావణం రాగానే ఇద్దరు గట్టిగా వచ్చారు. సలహా కావాలి.

ఒకాయన వ్యాపారి. 64 ఇస్తానంటున్నాడు, లోన్ అక్కర్లేదు, పదిహేను రోజుల్లో రిజిస్ట్రేషన్. కాకపోతే 40కే రిజిస్ట్రేషన్ చేయాలి, మిగతా 24 క్యాష్. రెండోది ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంట, మా వెనక వీధిలోనే అద్దెకుంటున్నారు. 62.5 అంటున్నారు, అంతా వైటే, లోన్ మీద. నెలన్నర పడుతుంది.

మా మామగారు వ్యాపారినే ఒప్పుకోమంటున్నారు. ట్యాక్సు కూడా తగ్గుతుంది కదా అని.

లెక్కల మాస్టారు | ఆగస్టు 3

మామగారికి నా నమస్కారాలు చెప్పి, ఇది చదివి వినిపించండి.

స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. అంటే 24కి 24. అదలా ఉంచినా, మీరు బిల్డర్‌కి కట్టాల్సింది బ్యాంకు ద్వారా. ఆ 24 లక్షల నోట్ల కట్టలు ఏం చేసుకుంటారు, బీరువాలో పెట్టుకుంటారా? ఈశాన్యంలో ఉంది కూడా.

ఇక ట్యాక్సు. 2024 జూలై 23కి ముందు కొన్న ఇల్లు కాబట్టి, ఇక్కడ నివసించేవాళ్లకి రెండు దారులున్నాయి. ధర 63 అనుకుందాం. ద్రవ్యోల్బణ సూచీ లేకుండా అయితే లాభం 31 లక్షలు, 12.5 శాతం అంటే సుమారు 3.87 లక్షలు. సూచీతో అయితే, 2013-14కి 220, ఈ ఏడాదికి 376, అంటే మీ 32 లక్షలు 54.69 లక్షలవుతాయి. లాభం 8.31. దాని మీద 20 శాతం 1.66 లక్షలు. సెస్సు వేరే. ఏది తక్కువైతే అదే కట్టచ్చు. కొత్త ఇంట్లో పెడుతున్నారు కాబట్టి సెక్షన్ 54 కింద అది కూడా పోవచ్చు. మీరు ముందే బుక్ చేశారు కనుక తేదీలు సీఏకి చూపించండి. ఈ మాత్రం దానికోసం బ్లాకా?

డల్లాస్ బాబాయ్ | ఆగస్టు 3

మాకు ఆ సూచీ దారి కూడా లేదు. నివాసులకే ఇచ్చారు. ఊరికే చెబుతున్నా.

కూకట్‌పల్లి ఏజెంట్ | ఆగస్టు 3

మాస్టారు చెప్పింది కరెక్టే గానీ, వ్యాపారి ఎందుకలా అడుగుతున్నాడో కూడా చూడాలి. 24 లక్షలు తక్కువ చూపిస్తే అతనికి రిజిస్ట్రేషన్‌లో 1.8 లక్షలు మిగులుతాయి. మా లైన్లో రోజూ వినే మాటే. ఆ 64 ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు, అందులోంచే.

లోన్ మీద కొనేవాడు అలా అడగలేడు. డీడ్‌లో ఎంత రాస్తే దాన్ని బట్టే బ్యాంకు ఇస్తుంది. కాబట్టి జంటను వదలకండి. 63 అడగండి, ఆ అర లక్ష దగ్గర పట్టుబట్టకండి. గీజర్లు, ఇన్వర్టర్ వదిలేస్తామనండి. వాళ్ల బ్యాంకు లీగల్ ఒపీనియన్ వచ్చాకే వ్యాపారికి వద్దని చెప్పండి.

తెనాలి అమ్మాయి | ఆగస్టు 4

ఏజెంట్ గారూ, ఇద్దరినీ వేలాడదీయడం న్యాయమేనా?

కూకట్‌పల్లి ఏజెంట్ | ఆగస్టు 4

టోకెన్ తీసుకునేదాకా న్యాయమే అక్కా. తీసుకున్నాక ఇంకొకరితో మాట్లాడితే అన్యాయం.

మూడో అంతస్తు | ఆగస్టు 24

63కి కుదిరింది. టోకెన్ లక్ష, అకౌంట్‌లోకే. వ్యాపారికి అదే రోజు ఫోన్ చేసి చెప్పేశాను. బ్యాంకు లాయరు డాక్యుమెంట్లు చూసి మూడు రోజుల్లో ఓకే అన్నారు. వాల్యుయేషన్ మాత్రం 61 వేశారు, లోన్ ఒకటిన్నర లక్ష తగ్గింది. దాంతో ఆ అమ్మాయి కంటతడి పెట్టుకుంది. వాళ్ల నాన్న సర్దుతానన్నారట.

నిజం చెప్పాలంటే నాకూ బాధగానే ఉంది. 78 అనుకున్నది 63. మా ఆవిడ మాత్రం '32కి కొన్నాం, అది గుర్తుపెట్టుకో' అంటోంది.

రిజిస్ట్రేషన్ సెప్టెంబర్ రెండో వారంలో పెట్టుకుందామన్నాను. అవి పితృపక్షాలు, వద్దన్నారు వాళ్ల అమ్మగారు. 21న అమావాస్య. ఆ తర్వాత అన్నారు. బిల్డర్‌కి ఫోన్ చేసి వారం గడువు అడిగాను, వడ్డీ వేస్తానన్నాడు. వేసుకోనీ.

పంచాంగం | ఆగస్టు 24

అమావాస్య వెళ్లగానే నవరాత్రులు. మంచి మాటే అన్నారావిడ.

మూడో అంతస్తు | సెప్టెంబర్ 25

నిన్న రిజిస్ట్రేషన్ అయిపోయింది. వాళ్లిద్దరి పేరు మీదా కాబట్టి టీడీఎస్ ఫారం 26క్యూబీ ఇద్దరూ విడివిడిగా వేయాలి. అది వాళ్లకీ తెలీదు, నాకూ తెలీదు, మాస్టారు పర్సనల్ మెసేజ్‌లో చెప్పబట్టి తెలిసింది. 63 వేలు వాళ్లు కోసుకుని మిగతాది ఇచ్చారు. ఈరోజు బిల్డర్‌కి 38 పంపాను.

తాళాలు ఇచ్చేటప్పుడు మా ఆవిడ తులసి కుండ తీసుకెళ్లనా వద్దా అని చాలాసేపు నిలబడింది. చివరికి వాళ్లకే వదిలేసింది. రోజూ నీళ్లు పోస్తున్నారో లేదో వెనక వీధి పాల అబ్బాయిని అడిగి తెలుసుకుంటానంటోంది.

వేపచెట్టు | సెప్టెంబర్ 25

మరి బీరువా?

మూడో అంతస్తు | సెప్టెంబర్ 25

కొత్తింటి లిఫ్టులో పట్టదట. మా తమ్ముడికి ఇచ్చేశాం.

బీరంగూడ బాధితుడు | సెప్టెంబర్ 28

ఇప్పుడే మొత్తం చదివాను. మాది ఇండిపెండెంట్ ఇల్లు, 11 నెలలుగా ఇదే కథ. లోన్ 2018లో తీర్చేశాను. ఈసీ తీస్తే తనఖా కనబడుతోంది. నో డ్యూస్ లెటర్ ఎక్కడ పెట్టానో గుర్తులేదు. డూప్లికేట్ ఇస్తారా?

మూడో అంతస్తు | సెప్టెంబర్ 28

లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్ ఏదైనా పాతది ఉంటే తీసుకుని, లోన్ ఇచ్చిన బ్రాంచీకే రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా అడిగితే మా దగ్గర రెండు వారాలు పోయాయి. ఉదయం పదిన్నరకే వెళ్లండి, లంచ్ తర్వాత ఆ సీటులో ఎవరూ ఉండరు.